మూడు లెక్కపెట్టాకే విజిల్

మా ఆయన్ని మొట్టమొదట కొట్టిన చేతులు, ఆ రోజు పొద్దున్నే ఆరాధనలో మా ముందు వరసలో చప్పట్లు కొట్టిన చేతులే. అందుకే మొదటి దెబ్బ ఎవరిదో నన్నడిగితే ఇప్పటికీ చెప్పగలను.

డిసెంబరు మొదటి శుక్రవారం అది. చలికాలం వచ్చిందంటే బహ్రెయిన్‌లో మనవాళ్ళకి ఫుట్‌బాల్ పిచ్చి పడుతుంది. జింజ్ అనే పేట వెనకాల ఒక మట్టి గ్రౌండు ఉంది. అరబ్బుల క్లబ్బుది. మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక మనకి ఇస్తారు, సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినపడగానే వదిలేసి పోవాలి. ఆ మధ్యలోనే ఆట మొదలవ్వాలి, అయిపోవాలి. పొద్దు ఎవరి కోసమూ ఆగదు కదా. అందుకని మావాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆటలో ఎవడు పడిపోయినా ఆట ఆపరు. వాడి జట్టువాళ్ళే ఇద్దరొచ్చి చంకల్లో చేతులేసి సున్నం గీత అవతలికి లాగి పడేస్తారు. వాడు కాసిని నీళ్ళు తాగి, ఓపికుంటే మళ్ళీ వస్తాడు, లేకపోతే లేదు.

ఫిన్నీకి ఆ పద్ధతి కిట్టేది కాదు. ఫిన్నీ అంటే మా ఆయనే, మా మేనత్త కొడుకు. ఏసీల రిపేరు పని. నరసాపురంలో చదివే రోజుల్లో గోలుకీపరు, మోకాలు పోయాక విజిల్ పట్టాడు. డ్యూటీ నుంచి రాగానే అన్నం కంచం ముందు పెట్టుకుని, ఫోనులో రూల్సు చదివేవాడు. నేను తొమ్మిదితో బడి మానేసినదాన్ని, నాకేం అర్థమవుతుంది. అయినా చెప్పేవాడు.

“ముందు ఊదితే ఆట చచ్చిపోద్ది నిస్సీ. ఆలస్యంగా ఊదితే మనిషి చచ్చిపోతాడు. రెంటికీ మధ్యన రెఫరీకి ఉండేది ఒక్క గుక్కెడు ఊపిరి.”

“నువ్వా ఊపిరేదో అన్నం తినడానికి దాచుకో బావా” అనేదాన్ని నేను.

ఆ శుక్రవారం ఆట మా ప్రార్థన సహవాసం కుర్రాళ్ళకీ, కన్‌స్ట్రక్షన్ క్యాంపు జట్టుకీ. మావాళ్ళ కెప్టెను ఎడ్వర్డు, అద్లియాలో ఒక హోటల్లో వంటమాస్టరు. పాలకొల్లు మనిషి, భుజాలు రోలంత ఉంటాయి. క్యాంపు జట్టుకి పెద్దదిక్కు పోశన్న. ఆయనదీ వాళ్ళందరిదీ జగిత్యాల వైపు. ఎడ్వర్డు బంతి తీసుకుని గోలు మీదికి పోతుంటే క్యాంపువాడొకడు వెనకనించి చొక్కా పట్టుకుని లాగాడు. ఫిన్నీ విజిల్ ఊదేశాడు. ఊదిన మరుక్షణం ఎడ్వర్డు చొక్కా చింపుకుని మరీ విడిపించుకున్నాడు, బంతిని తన్నాడు, గోలు పడింది.

విజిల్ పడ్డాక పడిన గోలు చెల్లదు. అదే రూలట.

“ఏరా ఫిన్నీ, కళ్ళు దొబ్బాయా? బంతి నా కాలి దగ్గరుండగా ఎవడ్రా నిన్ను ఊదమన్నాడు?”

“నాదే తప్పు బ్రదర్. ఒక్క క్షణం ఆగాల్సింది. కానీ ఊదేశాను. ఊదేశాక గోలు లేదు.”

తప్పని ఒప్పుకుంటే వదిలేస్తారనుకున్నాడు, పిచ్చి మారాజు. ఎడ్వర్డు పిడికిలితో మూతి మీద పొడిచాడు. ఫిన్నీ వెనక్కి తూలేసరికి మా వాళ్ళే ఆరుగురు ఎగబడ్డారు. మూల జెండా కట్టిన ఇనప గొట్టం ఊడపీకి ఒకడు కాళ్ళ మీద కొట్టాడు. పడిపోయాడు. పడ్డాక కాళ్ళతో, బూట్లతో. మట్టి లేచిపోయి నాకు ఆయన చొక్కా రంగు కూడా కనపడలేదు. రెండేళ్ళ పిల్ల కృపని చంకనేసుకుని అరుస్తా పరిగెత్తాను. ఎవడో మోచేత్తో నెట్టాడు. పిల్లతో సహా కూలబడ్డాను.

అప్పుడు క్యాంపు జట్టులోంచి ఒక బక్కపలచని మనిషి వంగి, ఆ కాళ్ళ మధ్యనించి దూరి, ఫిన్నీని నడుం దగ్గర పట్టుకుని భుజాన వేసుకున్నాడు. గొట్టం దెబ్బ ఈసారి అతని వీపు మీద పడింది. ఆగలేదు. గీత దాటేదాకా పరిగెత్తి, నా ముందు తెచ్చి దించాడు. అతనే కిషన్.

“అన్నా, బాగనే బరువున్నవ్ గదా. అక్క ఏం వెట్టి సాకుతున్నది నిన్ను?” అని నవ్వాడు రొప్పుతూ.

అవతల పోశన్న బండరాయి ఒకటి చేత్తో పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. “ఇగ సాలుర్రి. అంగీ గుంజినోడు మావోడు. ఆయన్నేంది కొట్టుడు? ముందటికి రార్రి ఎవడొస్తడో.”

ఎవరూ రాలేదు. అజాన్ పడింది. గోలు లేకుండానే ఆట అయిపోయింది.

ఫిన్నీకి ముందు పన్ను విరిగింది, పై పెదవి చీలింది. ఆసుపత్రికి తీసుకుపోతే ఎవరు కొట్టారని అడుగుతారు. పోలీసులొస్తే నా కాగితాలు అడుగుతారు. నా వీసా ఒక అరబ్బు ఇంట్లో పనిమీద, ఉండేది నయీమ్‌లో మొగుడి దగ్గర. అందుకని గదికి తెచ్చి ఉప్పు నీళ్ళు పుక్కిలించమన్నాను. ఆ నీళ్ళ రంగు చూసి పిల్ల ఏడుపందుకుంది.

*

గురువారం సాయంత్రం కమిటీ మా గదికి వచ్చింది. కమిటీ అంటే సహవాసం పెద్ద ప్రేమయ్యగారు, వెనకాల ఎడ్వర్డు. ఎడ్వర్డు చేతిలో బిరియానీ పొట్లం.

“వందనాలమ్మా” అంటూ ప్రేమయ్యగారు మంచం అంచున కూర్చున్నారు. “ఏదో కోపంలో జరిగిపోయింది. సాతానుగాడు చొరబడ్డాడు. ఫిన్నీ బాబూ, నువ్వు మంచి రెఫరీవి. తొందర ఒక్కటే నీ లోపం. ఇక మీదట ఒక పద్ధతి పెట్టుకుందాం. ఏది జరిగినా సరే, మూడు లెక్కపెట్టాకే విజిల్. మనసులోనే. ఒకటి, రెండు, మూడు. అప్పటికీ తప్పే అనిపిస్తే ఊదు.”

“దేనికైనానా అంకుల్?”

“దేనికైనా.”

“తలకి తగిలితే? తలకి తగిలితే వెంటనే ఆపాలండి. అందులో లెక్కల్లేవు.”

“మూడంకెలకి తల పగిలిపోదులే బాబూ.”

ఎడ్వర్డు అంతసేపూ గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు మాత్రం బిరియానీ నా చేతికిచ్చి, మెల్లిగా, అన్నగారిలాగే అన్నాడు. “చెల్లెమ్మా, ఈసారి ఏమన్నా అయితే కుర్రాళ్ళని నేను ఆపలేను. ఆయనకి నువ్వు చెప్పు. పిల్లతల్లివి.”

వాళ్ళు మెట్లు దిగారో లేదో నేను మొదలుపెట్టాను. మానెయ్ బావా అన్నాను. మానేస్తే ఎవడూదుతాడు, ఎడ్వర్డు బామ్మర్దా, అన్నాడు. ఎవడూదితే మనకెందుకు అన్నాను. మొన్న నన్ను ఎత్తుకొచ్చినవాడు కూడా మనకెందుకు అనుకుంటే అన్నాడు. మాట మీద మాట. మా గదిని చెక్క అడ్డుగోడతో రెండు చేశారు, అవతల ఇంకో కాపురం. గొంతులు అణుచుకుని పోట్లాడుకోవాలి. అణుచుకున్న కోపం ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా.

కృప మంచం కిందనుంచి విజిల్ తీసి ఊదింది. గట్టిగా. అవతలనుంచి గోడ మీద గుద్దారు. పిల్ల సంబరపడి మళ్ళీ ఊదింది. నేను లాగి ఒక్కటిచ్చాను. విజిల్ నోట్లో ఉండగానే కొట్టాను. చిగుళ్ళకి గుచ్చుకుని నోరంతా రక్తం.

ఫిన్నీ నన్ను కొట్టాడు. పెళ్ళయి నాలుగేళ్ళు, ఆయన చెయ్యి నా మీద పడడం అదే మొదలు. చెంప మీద పడింది, చెవిలో హోరు పుట్టింది. ఆయనే భయపడి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. పిల్ల ఏడవడం మానేసి మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూసింది.

దాని నోట్లో పంచదార పెట్టి, రక్తం ఆగాక పడుకోబెట్టాను. ఫిన్నీ తలుపు దగ్గర కూర్చున్నాడు.

“మూడు లెక్కపెడతాను. సరేనా?” అన్నాడు నావైపు చూడకుండా.

“ఒట్టెయ్యి.”

“ఒట్టు పెట్టుకోకూడదని వాక్యంలోనే ఉంది నిస్సీ.”

“ఉంటే ఉంది. దీని తల మీద చెయ్యి పెట్టు.”

పెట్టాడు.

*

జనవరి అంతా అలాగే జరిగింది. ఆయన లెక్కపెట్టేవాడు. నేను గీత బయట కూర్చుని ఆయన పెదవులే చూసేదాన్ని. మూడు పూర్తయ్యేలోపు బంతి ఎటో పోయేది, ఊదాల్సిన పని దాటిపోయేది. నెలలో నాలుగు శుక్రవారాలకి పట్టుమని పాతిక విజిళ్ళు ఊదాడో లేదో. మొగాళ్ళు మహా త్వరగా కనిపెట్టేశారు, మూడంకెల్లో ఎంత పని చెయ్యొచ్చో. ఒకడి భుజం ఎముక విరిగింది. ఇంకొకడి కాలి చీలమండ బూటుతో తొక్కేస్తే నల్లగా వాచి వంకాయలా అయింది. క్యాంపువాడొకడు ఎడ్వర్డు తమ్ముడి చెవి కొరికాడు. పడినవాణ్ణి లాగెయ్యడం, ఆట సాగడం. విజిల్ తగ్గేకొద్దీ జనం పెరిగారు. జింజ్‌లో లారీలు ఆపుకుని మరీ వచ్చి చూసేవాళ్ళు. “యల్లా, కొట్టరా!” అని అరవడానికి భాష కూడా అక్కర్లేదు కదా.

ఫిన్నీని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నాకు కావలసింది అదే. ఇంటికొచ్చాక మాట్లాడేవాడు కాదు. ఫోనులో రూల్సు చదవడమూ మానేశాడు. పోనీలే, మనిషికి మిగిలిన పళ్ళన్నీ ఉన్నాయి చాలు అనుకున్నాను.

కిషన్ మాకు దగ్గరయ్యాడు. శుక్రవారం పొద్దున్నే నయీమ్‌లో కూరగాయలు కొనడానికి వచ్చి మా గదికి వచ్చేవాడు. కృపని భుజాన కూర్చోబెట్టుకుని గది చుట్టూ గుర్రంలా తిప్పేవాడు. గది ఎంతని, నాలుగడుగుల్లో గోడ తగిలేది.

“మెల్లిగా ఆడవయ్యా, నిన్ను చూస్తుంటే నా గుండె ఆగిపోతుంది. పడ్డా లేస్తావు, తన్నినా లేస్తావు” అన్నానొకసారి.

“ఊర్ల నేను కబడ్డీ ఆడేటోన్ని అక్కా. బాలు తన్నుడు ఈడికొచ్చినంకనే నేర్చుకున్న. గీ ఆటల సగంమంది ముట్టకముందే కిందవడి దొర్లుతరు. మా కాడ గట్ల నడువది. నలుగురు మీద వడ్డా సరే, సీటీ కొట్టేదాక గీత దిక్కు పాకుడే. సీటీ వడలేదంటె నువ్వు బతికున్నట్టే లెక్క.”

విజిల్‌ని వాళ్ళు సీటీ అంటారు. ఫిన్నీ వింటూ ఉన్నాడు. లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు.

కిషన్ ఫోనులో భార్యని చూపించేవాడు. సరిత. ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతూనే మాట్లాడేది.

“అక్కా, మంచిగున్నవా? పాపను సూపియ్యి. అగో, ఎంత ముద్దుగున్నదో. ఈయన రంజాన్ పండుగ అయినంక వస్తనన్నడు, పాపకు ఏమన్న పంపుత. ఏం తింటది?”

“ఏమీ తినదమ్మా, మట్టి తప్ప.”

పకపకా నవ్వింది. నవ్వడం ఆపి అంది, వాళ్ళకి గల్ఫంతా దుబాయే, “దుబాయిల ఈ ఆటేందో గని, దెబ్బలు తాకుతయని నాకు నిద్రవట్టది అక్కా. అన్న సీటీ వట్టుకోని నడుమ ఉంటడట గదా. గా ధీమాతోని ఉంటున్న.”

నేను పిల్లని ఎత్తుకుని ఫోను కిషన్‌కి ఇచ్చేశాను.

*

ఫిబ్రవరి రెండో శుక్రవారం ఫైనలు. ఆ వచ్చే వారంలో రంజాను నెల మొదలు. ఉపవాసాల్లో గ్రౌండు ఇవ్వరు, కాబట్టి అదే ఆఖరి ఆట. మళ్ళీ ఎడ్వర్డు జట్టూ, పోశన్న జట్టూ.

గాలి విపరీతంగా ఉంది. ఇసక కళ్ళల్లో పడుతోంది. చెరో గోలు చేసి సమానంగా ఉన్నారు. పొద్దు వాలిపోతోంది, ఏ నిమిషానైనా అజాన్ పడొచ్చు. నేను గీత దగ్గర పిల్లని పట్టుకుని నిలబడ్డాను. నా వెనకాల ఎడ్వర్డు తరఫువాళ్ళు. అందులో ఒకడి చేతిలో ఆ ఇనప గొట్టమే ఉంది. ఆట మొదలైనప్పటినుంచీ దాన్ని బూటుకేసి కొడుతూ ఉన్నాడు. టక్, టక్.

బంతి పైకి లేచింది. కిషన్, ఎడ్వర్డు ఇద్దరూ ఎగిరారు. ఎడ్వర్డు మోచెయ్యి కిషన్ కణత మీద తగిలింది. మా ఊళ్ళో కొబ్బరికాయ డొక్క ఒలవడానికి గునపం మీద కాయని దించుతారే, ఆ చప్పుడు. గీత బయటున్న నాకే వినపడింది.

కిషన్ పడ్డాడు.

ఫిన్నీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు పొంగాయి. నావైపు చూశాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన ఊదలేదు. పెదవులు కదిలాయి. ఒకటి. రెండు.

మూడు కాకుండానే కిషన్ లేచాడు. చెవిలోంచి రక్తం సన్నగా మెడ మీదికి కారుతోంది. నవ్వుతున్నాడు కూడా. లేచి తన సొంత గోలు వైపు పరుగెత్తాడు. జనం గొల్లున నవ్వారు. “ఒరేయ్, జగిత్యాల బస్సు అటు కాదురా!” అన్నారెవరో. నేనూ కాస్త తేలికపడ్డాను. లేచాడు కదా, చాలు. ఎవరో కేకేసి అతన్ని ఇటు తిప్పారు. తిరిగాడు. కాళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయి, తాగినవాడిలాగ. అయినా బంతి ఎక్కడుందో అక్కడికే పోయాడు. సహవాసం గోలుకీపరు మోకాలు ముందుకు పెట్టి ఎగిరాడు. కిషన్ ఎగరలేదు. తల వంచుకునే పోయాడు. మోకాలు అవతలి కణతకి తగిలింది.

సిమెంటు బస్తా దించినట్టు పడ్డాడు. బంతి మాత్రం ఆడుతూనే ఉంది, గోలు ముందరే. అతని జట్టువాళ్ళే ఇద్దరు వచ్చారు, చంకల్లో చేతులేసి లాగారు. తల వెనక్కి వేలాడింది. మడమలు ఇసకలో రెండు గీతలు గీసుకుంటూ వచ్చాయి. అతన్ని గీత అవతల పడేసి ఆ ఇద్దరూ వెనక్కి పరిగెత్తారు. వాళ్ళలో ఒకడే తన్నాడు. గోలు.

అప్పుడు ఫిన్నీ విజిల్ ఊదాడు. గోలు పడితే ఊదాలి కదా. అదే గాలిలో అజాన్ కూడా మొదలైంది.

క్యాంపువాళ్ళు ఎగిరి గంతులేశారు. పోశన్నని భుజాల మీదికెత్తుకున్నారు. ఎడ్వర్డు వచ్చి ఫిన్నీ గొంతు పట్టుకున్నాడు. “మనిషి పడుంటే గోలేంట్రా? తలకి తగిలితే ఆట ఆపాలి! రూలు తెలీదా నీకు? రూలు తెలీదా?” ప్రతి మాటకీ ఒక గుద్దు. ఫిన్నీ చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

ఆ తరవాత ఎవరు ఎవర్ని కొట్టారో దేవుడికే తెలుసు. రాళ్ళు తువ్వాళ్ళలో మూటకట్టి తిప్పారు. నీళ్ళ డబ్బాలు విసిరారు. గొట్టం నా తల పక్కనుంచి పోయి ఎవరి పళ్ళో రాల్చింది. అందరూ ఒకరినొకరు తోసుకుంటూ గీత వైపే వచ్చారు, కిషన్ పడున్న వైపు. నేను అతని దగ్గరికి పోదామని చూస్తున్నాను, కాళ్ళు అడ్డం. బూటొకటి అతని అరచేతి మీద పడింది. మేకుల బూటు. పూర్తి బరువుతో తొక్కి, దాటిపోయింది.

కిషన్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పిల్లని కింద దించేశాను. పడున్న గొట్టం అందుకున్నాను. ఎవడి వీపో, ఎవడి చెయ్యో నాకు తెలీదు, ఎదురొచ్చినవాణ్ణల్లా కొట్టుకుంటూ పోయాను. నన్ను ఎవరో జుట్టు పట్టి లాగారు, వాణ్ణీ కొట్టాను. కిషన్ ఎదురుగా నిలబడి గొట్టం తిప్పుతూ అరిచాను. ఏం అరిచానో తెలీదు. పోశన్న చూశాడు. రెండు చేతులూ పైకెత్తి ఒక్క కేక పెట్టాడు. “ఆగుర్రి! ఓ పోరగాండ్లూ, ఆగుర్రి, పోరడు లేస్తలేడు!”

అప్పుడు ఆగారు.

*

పెద్దాసుపత్రిలో ఆరు రోజులు గొట్టాల మధ్య పడుకున్నాడు. రంజాను మొదలైన రెండో రోజున పోయాడు.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడే పోశన్న చెప్పేశాడు, క్యాంపు మెట్ల మీదనుంచి జారిపడ్డాడని. పోయిన రోజు మధ్యాహ్నం మా గదిలో కూర్చున్నారు, ప్రేమయ్యగారు, ఎడ్వర్డు, పోశన్న. ఆ ముగ్గురూ ఒకచోట కూర్చోవడం నేను అప్పుడే చూశాను. కేసైతే క్యాంపులో కాగితాల్లేని పన్నెండుమంది పట్టుబడతారని పోశన్న అన్నాడు. ఎడ్వర్డు మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. “చంపాలని కాదండి, బంతి కోసం ఎగిరానండి” అంటాడు, మళ్ళీ ఏడుస్తాడు. అందరూ మెట్లే అందామని ప్రేమయ్యగారు అన్నారు.

“నేను చూశాను. చూసి ఊదలేదు” అన్నాడు ఫిన్నీ.

“ఊదినా పోయేవాడేమో బాబూ. ఆయన చిత్తం.”

“మొదటి దెబ్బకి ఊదుంటే రెండోది తగిలేది కాదండి.”

ప్రేమయ్యగారు లేచి చెప్పులు తొడుక్కున్నారు. నేను తల ఊపిన సంగతి ఫిన్నీ వాళ్ళెవరికీ చెప్పలేదు. నాతోనూ అనలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఆకలేసింది. కేసు లేదు. పోలీసులు రారు. నా పిల్ల, నా మొగుడు, నా గది నాకున్నాయి. కంచంలో అన్నం పెట్టుకుని తిన్నాను. మారు కూడా వడ్డించుకున్నాను.

మర్నాడు శుక్రవారం సరిత ఫోను చేసింది. కృప నిద్రపోతోంది. ఫిన్నీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వీడియోలో ఆమె మొహం దగ్గరగా ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ ఏడవడం లేదు.

“అక్కా, రేపెల్లుండి ఆయనను పెట్టెల వెట్టి పంపుతమన్నరు. ఒక్క ముచ్చట అడుగుత. జెప్తవా?”

“అడుగమ్మా.”

“ఎన్ని మెట్లు అక్కా?”

నేను అంకె వెతుక్కునేలోపే ఆమె అందుకుంది.

“పోశన్న మామ పన్నెండు మెట్లంటడు. ఎడ్వర్డన్న ఇరవై అంటడు. ప్రేమయ్య సారుకు యాదికి లేదట. గన్ని మెట్ల మీదికెల్లి వడ్డోనికి నడుముకు దెబ్బలేదు, మోకాలుకు లేదు. తలకు రెండు దిక్కులా ఉన్నదట. ఈళ్ళంత మొగోళ్ళు, నాకు జెప్పరు. నువ్వు ఆడిదానివి. నీ ఇంట్ల తిన్నడు. నువ్వు జెప్పు.”

నేను ఫిన్నీ వైపు చూశాను. ఆయన నావైపు చూస్తున్నాడు. అవును అనీ అనలేదు, వద్దు అనీ అనలేదు. ఉత్తినే చూస్తున్నాడు.

చెప్పాను. మోచెయ్యి సంగతి చెప్పాను. మూడు లెక్కపెట్టాలని కమిటీ పెట్టిన పద్ధతి చెప్పాను, దానికి పిల్ల తల మీద ఒట్టేయించుకున్నది నేనేనని చెప్పాను. “మీ అన్న ఊదబోయాడు సరితా. నన్ను చూశాడు. నేను వద్దని తల ఊపాను. ఆయన్ని కొడతారని భయపడ్డాను. నా మొగుడికేమన్నా అవుతుందని.”

“మా ఆయన లేషిండా?”

“లేచాడు.”

“మల్ల తాకింది.”

“తాకింది.”

వాళ్ళ ఊళ్ళో ఏదో ఆటో పోయిన చప్పుడు వినపడింది.

“పడ్డంక కూడ ఆడిండ్రా?”

“గోలు పడేదాకా ఆడారు.”

“ఎవలకు పడ్డది?”

“మీ ఆయన జట్టుకే.”

అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మొహం నాకు మసకమసకగా అయిపోయింది.

“ఏడ్వకు అక్కా” అంది సరిత. “నువ్వు ఏడిస్తె నేను నిన్నెట్ల తిట్టాలె?”

ఫిన్నీ లేచి వచ్చాడు. నా పక్కన, తనూ ఫోనులో కనపడేలాగ, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. నేను కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, ఫోను మా ఇద్దరికీ ఎదురుగా పట్టుకున్నాను.

“తిట్టమ్మా” అన్నాను.

మొదలుపెట్టింది.